జొన్నచొప్ప పోయాక ఒంగోలు జాతి

ఒంగోలు పశువుల ప్రస్తావన వస్తే చాలు, మన జాతిని బ్రెజిల్ ఎత్తుకుపోయిందన్న మాట వినిపిస్తుంది. 19వ శతాబ్దంలోనే ఇవి ఓడలెక్కాయి. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడ నెలోర్ అయ్యాయి. 1960ల మొదట్లో కొనుక్కెళ్లిన ఆబోతుల్లో ఒకటి మన కరవది ఊరి పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. విదేశీయులు మన జీవసంపదను పరిశోధనకో వ్యాపారానికో వాడుకోవాలంటే ముందుగా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి తీసుకోవాలని 2002 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. అవసరమైన చట్టమే. అయితే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కొట్టాలు ఖాళీ అయ్యింది ఎవరో తోలుకుపోవడం వల్ల కాదు, చేలో పైరు మారడం వల్ల.

నల్లరేగడిలో జొన్న వేసినన్నాళ్లూ గింజ గాదెకి, చొప్ప వామికి చేరేది. ఆ చొప్ప తిన్న ఎడ్లే దుక్కి దున్ని, గుంటక తోలి, బండి లాగేవి. 1920ల నుంచి వర్జీనియా పొగాకు, 1970ల తర్వాత సంకర పత్తి, దానితోపాటు మిరప ఆ నేలను ఆక్రమించాయి. పత్తి ఈ నేలకు కొత్త కాదు కదా, పత్తిగింజలు పెట్టే పశువుల్ని మేపారు కదా అనవచ్చు. నిజమే, కానీ అది జొన్నతోపాటు సాగిన నాటు పత్తి. గింజలు దాణాకు పనికొస్తాయి గానీ కడుపు నింపవు. పత్తికట్టె పొయ్యిలోకే పోతుంది, మిరపకట్టెను గేదె కూడా ముట్టదు. విచిత్రమేమంటే, జీవవైవిధ్య చట్టం చేసిన 2002లోనే కేంద్రం బీటీ పత్తికీ అనుమతిచ్చింది.

ట్రాక్టరు వచ్చాక ఎద్దెందుకు, బ్రెజిల్లో కోట్ల సంఖ్యలో ఉన్నాయిగా అన్నది మరో వాదన. అక్కడ మాంసం కోసం ఎంచి పెంచారు. దున్నే బలం, ఎండను తట్టుకునే ఓర్పు, ఇంటికి సరిపడా పాలు కోరి ఎంచినది ఇక్కడి రైతు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ రికార్డులు, గుంటూరు దగ్గరి లాం, ఒంగోలు దగ్గరి చదలవాడ క్షేత్రాలు, 2014లో మొదలైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ నికరంగా ఉపయోగపడేవే. వీర్యాన్నీ పిండాలనూ భద్రపరచవచ్చు. ఏ దూడను ఉంచుకోవాలో, దేన్ని అమ్మేయాలో తేల్చే రైతు చూపును మాత్రం ఏ శీతల గిడ్డంగీ దాచలేదు. బండలాగుడు పందేలు కొన్ని మేటి గిత్తలను నిలబెడుతున్నాయి, సరే. గిత్తను కనే ఆవును మేపే ఖర్చు ఏ బహుమతిలోంచి రావాలి? క్షేత్రాలకిచ్చే డబ్బులో కొంత ఎకరం జొన్న వేసి ఆవును నిలుపుకునే రైతుకు నేరుగా ఇస్తే, వామి మళ్లీ వేసే కారణమంటూ ఒకటి దొరుకుతుంది.