తెలుగు నేల తొలి ఛాయాచిత్రాలు: అన్వేషణ, పఠన పద్ధతి

వ్యాససంగ్రహం:

పంతొమ్మిదో శతాబ్దపు ఛాయాచిత్రాలు నేడు అంతర్జాలంలో విస్తారంగా లభిస్తున్నాయి. అయితే అవి ఎక్కువగా తమ ఆల్బమ్ నుంచి, శీర్షిక నుంచి, తీసిన వ్యక్తి పేరు నుంచి విడిపోయి, విడి బొమ్మలుగా చలామణి అవుతున్నాయి. లినేయస్ ట్రైప్ తీసిన అమరావతి శిల్పాల చిత్రాలు, విల్లోబీ వాలెస్ హూపర్ తీసిన మద్రాసు కరువు చిత్రాలు, లాలా దీన్‌దయాళ్ హైదరాబాదు చిత్రాలు ఆధారంగా, చూడదగిన ఛాయాచిత్రాన్ని ఎక్కడ, ఎలా వెదకాలో, దానిని చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఛాయాచిత్రం, ఆల్బమ్, అమరావతి, ధాత కరువు, దీన్‌దయాళ్, డిజిటల్ భాండాగారం.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య, చరిత్ర పరిశోధనల్లో శాసనానికీ, తాళపత్రానికీ పాఠపరిష్కరణ పద్ధతి ఉంది. ప్రతి ఎక్కడిది, లేఖకుడెవరు, ఏ ప్రతికి ఏది మాతృక అనే ప్రశ్నలు వేయకుండా ఏ పరిశోధకుడూ పాఠాన్ని స్వీకరించడు. ఛాయాచిత్రం విషయంలో మాత్రం ఈ జాగ్రత్త సడలుతున్నది. వ్యాసానికి తగిన బొమ్మ కావాలనుకున్నప్పుడు అంతర్జాలంలో ఒక పదం వెదికి, మొదట కనిపించిన దానిని తీసుకోవడం అలవాటుగా మారింది. అలా తీసుకున్న బొమ్మ వ్యాసానికి అలంకారమవుతుందే తప్ప ఆధారం కాదు. కొన్ని సందర్భాల్లో అది తప్పుడు సాక్ష్యం కూడా అవుతుంది.

చూడదగిన ఛాయాచిత్రం అంటే కంటికి ఇంపైనది మాత్రమే కాదు. ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం తీశారో చెప్పగల జాడ దాని వెంట ఉండాలి. ఆ జాడను నిలిపి ఉంచేది ఆల్బమ్, సంఖ్య, శీర్షిక, భద్రపరచిన సంస్థ. కాబట్టి అన్వేషణ బొమ్మతో కాక ఈ నాలుగింటితో మొదలు కావాలి. కింది మూడు ఉదాహరణలు ఈ విషయాన్ని మూడు కోణాల్లో నిరూపిస్తాయి.

2. అమరావతి శిల్పాలు: వస్తువు కంటే ముందు నిలిచిన చిత్రం

అమరావతి స్తూపాన్ని 1797లో కాలిన్ మెకంజీ తొలిసారి చూశాడు. 1816లో తిరిగివచ్చి, తన బృందంతో శిల్పాల రేఖాచిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ జరిపిన తవ్వకాల్లో బయటపడిన ఫలకాలు మద్రాసు చేరి, కొంతకాలం ఆరుబయటే ఉండిపోయాయి. ‘ఇలియట్ మార్బుల్స్’ అనే పేరు వాటికి అలా వచ్చింది.

1856లో మద్రాసు ప్రభుత్వం లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని ప్రభుత్వ ఛాయాచిత్రకారుడిగా నియమించింది. శ్రీరంగం, మధుర, తంజావూరు ప్రాంతాల్లో పర్యటించి వచ్చిన తరువాత, 1858లో అతడు మద్రాసు మ్యూజియంలోని అమరావతి ఫలకాలను వరుసగా చిత్రించాడు. మరుసటి సంవత్సరం, అంటే 1859లో, ఆ ఫలకాల్లో పెద్ద భాగం ఓడలో లండన్‌కు తరలిపోయింది. అక్కడ కొన్నేళ్లు మరుగున పడి ఉన్న వాటిని 1867లో జేమ్స్ ఫెర్గూసన్ గుర్తించాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం అధీనంలోకి వచ్చాయి. మిగిలిన శిల్పాల్లో ముఖ్యమైన భాగం నేటికీ చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

ఈ తేదీల క్రమంలో ట్రైప్ చిత్రాల విలువ తెలుస్తుంది. ఒక ఫలకం సముద్రయానానికి ముందు ఏ స్థితిలో ఉందో, దాని అంచు ఎక్కడ విరిగి ఉందో తెలుసుకోవడానికి అవి ప్రత్యక్ష సాక్ష్యం. నేడు లండన్‌లో, చెన్నైలో వేర్వేరు గోడల మీద ఉన్న ఫలకాలను అవి ఒకే కాలంలో, ఒకే చోట చూపుతాయి. మెకంజీ రేఖాచిత్రం, ట్రైప్ ఛాయాచిత్రం, బ్రిటిష్ మ్యూజియం తన వెబ్‌సైటులో ఉంచిన నేటి వర్ణచిత్రం అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే శిల్పం జీవితకథలో మూడు దశలు కళ్లకు కడతాయి.

‘అమరావతి’ అని మాత్రమే వెదికే పరిశోధకుడికి ట్రైప్ ఆల్బమ్ సులభంగా దొరకదు. ‘ఇలియట్ మార్బుల్స్’ అనే నాటి పేరుతో, ట్రైప్ పేరుతో వెదికినప్పుడే దారి తెరుచుకుంటుంది.

3. ధాత కరువు: పేరు మారిన మనుషులు

ధాత నామ సంవత్సరం (1876-77)లో మొదలై 1878 వరకు సాగిన మహాక్షామం మద్రాసు రాష్ట్రాన్ని కుదిపివేసింది. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. వైస్రాయి ప్రతినిధిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ సహాయక పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, కొద్దిపాటి డబ్బుకు కుదించాడు. ‘టెంపుల్ కూలి’ అనే పేరు అపకీర్తిగా మిగిలింది.

ఈ క్షామ కాలంలో మద్రాసు సైన్యానికి చెందిన విల్లోబీ వాలెస్ హూపర్ బాధితులను ఛాయాచిత్రాలు తీశాడు. ఎముకల గూళ్లుగా మారిన స్త్రీలు, పురుషులు, పిల్లలు గుంపులుగా కూర్చుని లేదా నిలబడి కెమెరా వైపు చూస్తుంటారు. అవి అనుకోకుండా చిక్కిన దృశ్యాలు కావు; మనుషులను వరుసగా అమర్చి తీసినవి. ఈ అమరికే అవి చూసేవారిని నేటికీ కలవరపెట్టడానికి ఒక కారణం. 1886లో మాండలేలో మరణశిక్షల అమలును చిత్రించినందుకు ఇదే హూపర్ తీవ్ర విమర్శలకు గురయ్యాడన్న సంగతి, కరువు చిత్రాల వెనుక ఉన్న చూపును అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది.

హూపర్ చిత్రాలు లండన్‌లోని వెల్‌కమ్ కలెక్షన్ వంటి సంస్థల్లో ఉన్నాయి. అంతర్జాలంలో ఇవే చిత్రాలు 1943 నాటి బెంగాల్ క్షామ చిత్రాలుగా తరచు కనిపిస్తాయి. ఇది చిన్న పొరపాటు కాదు. దక్షిణాదిలో మరణించిన మనుషుల దృశ్యసాక్ష్యం వారి చరిత్ర నుంచి తొలగిపోతున్నది. సునీల్ జానా వంటివారు బెంగాల్‌లో తిరిగి తీసిన అసలు చిత్రాలు మరుగున పడుతున్నాయి. రెండు క్షామాలకూ అన్యాయం జరుగుతున్నది.

రెండింటినీ వేరుపరచడం కష్టం కాదు. 1870లలో గాజు పలక మీద రసాయనం పూసి, కెమెరాను ముక్కాలిపీట మీద నిలిపి తీయవలసి ఉండేది. అందుకే మనుషులు స్థిరంగా, అమర్చినట్టు కనిపిస్తారు. 1943 నాటికి చేతిలో ఇమిడే కెమెరా, ఫిల్ము వచ్చాయి. కలకత్తా వీధి, నడిచిపోయేవారు, వరుసలో నిలబడినవారు చిత్రంలోకి వచ్చారు.

ఇక్కడ తెలుగు పరిశోధకుడికి మరొక హెచ్చరిక అవసరం. బెంగాల్ పేరు తొలగించి, ఆ స్థానంలో ‘రాయలసీమ కరువు’ అని రాయడం కూడా తప్పే అవుతుంది. శీర్షిక మద్రాసు కరువు అని మాత్రమే చెప్పినప్పుడు, ఆ మనుషులు ఏ జిల్లావారో నిర్ణయించే అధికారం చూసేవారికి లేదు. వారి పేర్లను నాటి కెమెరా నమోదు చేయలేదు. లేని ఊరిని నేడు అంటగట్టడం మరో అపచారం.

4. దీన్‌దయాళ్: శీర్షికలో దాగిన ఊరు

లాలా దీన్‌దయాళ్ (1844-1905) మీరట్ సమీపంలోని సర్ధానాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగ్ విద్య చదివి, ఇందోరులో ఉద్యోగం చేస్తూ ఛాయాచిత్రకళను చేపట్టాడు. 1880ల మధ్యలో హైదరాబాదు సంస్థానానికి వచ్చి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా జెనానా స్టూడియో నడిపాడు.

ఆ స్టూడియో ప్రింట్ల మీద తరచు నెగటివ్ సంఖ్య, శీర్షిక కనిపిస్తాయి. వ్యాపార సౌలభ్యం కోసం చేసిన ఈ ఏర్పాటు నేడు చరిత్రకారుడికి గొప్ప ఉపకారం. వైస్రాయి కర్జన్ దంపతులు వేటాడిన పులితో దిగిన ప్రసిద్ధ చిత్రం ఇందుకు నిదర్శనం. బ్రిటిష్ వేట వినోదానికి గుర్తుగా అది లెక్కలేనన్ని చోట్ల, ఊరి పేరు లేకుండా అచ్చయింది. ఆల్బమ్ శీర్షికను బట్టి అది 1902 ఏప్రిల్‌లో వరంగల్ జిల్లా నెక్కొండ పరిసరాల్లో తీసినది. ఊరి పేరు తెలిసిన మరుక్షణం చిత్రం మారిపోతుంది. కర్జన్ జీవితచరిత్రలో ఒక ఘట్టంగా ఉన్నది తెలంగాణ అడవి చరిత్రలో ఒక పత్రంగా రూపొందుతుంది. పులులు ఏ అడవిలో ఉండేవి, వేటకు దారులు ఎవరు వేశారు, జంతువును తరమడానికి ఏ పల్లెల నుంచి మనుషులను పిలిపించారు అనే ప్రశ్నలు పుట్టుకొస్తాయి.

దీన్‌దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళల కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ప్రింట్లు, ఆల్బమ్‌లు ఢిల్లీలోని ఆల్కాజీ ఫౌండేషన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో, మరికొన్ని సంస్థల్లో విస్తరించి ఉన్నాయి.

5. అన్వేషణకు కొన్ని సూత్రాలు

పై ఉదాహరణల నుంచి కొన్ని ఆచరణాత్మక సూత్రాలు ఏర్పడుతున్నాయి.

5.1. వస్తువు పేరుతో కాక ఛాయాచిత్రకారుడి పేరుతో, ఆల్బమ్ పేరుతో, సంస్థ పేరుతో వెదకాలి.

5.2. నాటి జాబితాల్లో ఊళ్ల పేర్లు ఆంగ్లేయుల ఉచ్చారణలో ఉంటాయి. విజయవాడను బెజవాడగా, మచిలీపట్నాన్ని మసూలిపటంగా, విశాఖపట్నాన్ని వైజాగపటంగా, కడపను కుద్దపగా వెదకవలసి ఉంటుంది.

5.3. చిత్రం దొరికిన పేజీ దగ్గర ఆగిపోకుండా, అసలు ప్రతిని భద్రపరచిన సంస్థ జాబితా వరకు వెళ్లాలి. అక్కడ చిత్రం వెనుక రాత, కొలతలు, ఆల్బమ్‌లో దాని ముందు వెనుక ఉన్న చిత్రాలు తెలుస్తాయి.

5.4. ఒకే సంస్థ మీద ఆధారపడరాదు. 2023 అక్టోబరులో జరిగిన సైబర్ దాడి వల్ల బ్రిటిష్ లైబ్రరీ అంతర్జాల సేవలు చాలాకాలం స్తంభించిపోయాయి. చూసిన చిత్రం సంఖ్యను, శీర్షికను, చూసిన తేదీని పరిశోధకుడు తన నోట్సులో రాసుకోవడం తప్పనిసరి.

5.5. తెర మీద చూడటంతో సరిపెట్టుకోరాదు. తెర మీద అరచేయంత ప్రింటు, గోడంత చిత్రం ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం కాలపు ఛాయాచిత్రాలను, 2023లో బెంగళూరులో ప్రారంభమైన కళా ఛాయాచిత్ర మ్యూజియాన్ని నేరుగా చూడటం, మంచి ముద్రణలో వచ్చిన ప్రదర్శన గ్రంథాలను గ్రంథాలయంలో తిరగవేయడం కంటికి ప్రమాణాన్ని నేర్పుతాయి.

6. ముగింపు

ట్రైప్ చిత్రాలు వస్తువు తరలిపోక ముందటి స్థితిని నిలిపాయి. హూపర్ చిత్రాలు శీర్షిక పోతే మనుషులు ఎలా వేరొకరవుతారో చూపుతున్నాయి. దీన్‌దయాళ్ చిత్రం ఒక ఊరి పేరు తిరిగివస్తే చరిత్ర ఎలా విస్తరిస్తుందో తెలుపుతున్నది. ఈ మూడింటిలోనూ నిర్ణాయకమైనది బొమ్మ కింద ఉన్న ఒకటి రెండు పంక్తులే.

తెలుగు విశ్వవిద్యాలయాల్లో పరిశోధన పద్ధతుల పాఠ్యాంశంలో తాళపత్రం, శాసనాల సరసన ఛాయాచిత్ర పఠనాన్ని కూడా చేర్చడం అవసరం. జిల్లా పట్టణాల్లో మూతపడుతున్న పాత స్టూడియోల నెగటివ్‌లు, రసీదు పుస్తకాలు ఇంకా కొన్నిచోట్ల మిగిలి ఉన్నాయి. వాటిని సేకరించేటప్పుడు బొమ్మలను మాత్రమే స్కాన్ చేసి, పుస్తకాలను పారవేస్తే, హూపర్ చిత్రాలకు పట్టిన గతే రేపు వాటికీ పడుతుంది. బొమ్మనూ, దాని వెంట ఉన్న రాతనూ కలిపి కాపాడినప్పుడే ఛాయాచిత్రం చరిత్రకు ఆధారంగా నిలుస్తుంది.