యానాము సంక్రాంతి విస్తరి

గౌతమీ గోదావరి నుండి కోరంగి పాయ విడివడు తావున యానాము వెలసినది. ఫ్రెంచివారు 1723లో ఇచట వర్తకశాలను నెలకొల్పి, లాభము కానక 1727లో విడిచి, 1731లో మరల వచ్చిరి. నడుమ ఆంగ్లేయులు పలుమార్లు ఆక్రమించినను, 1954 వరకు ఈ పట్టణము ఫ్రెంచి యేలుబడి క్రిందనే యుండెను. ఇంతటి పరపాలనము ఇచటి పండుగ భోజనమును ఏ మేరకు మార్చెను? శాసనములు దీనికి బదులు చెప్పవు. విస్తరినే సాక్ష్యమడుగవలెను.

మొదటి సాక్షి బూరె. సెనగపప్పును వ్రేళ్లతో అదిమిన నలుగునంతగా ఉడికించి, నీరు వార్చి, రుబ్బి, బెల్లముతో దగ్గరపడనిచ్చి, ఏలకుల పొడి చేర్చినది పూర్ణము. వార్చిన కట్టు చారునకు పోవును. ఇల్లాలు దానిని పారబోయదు. పూర్ణము జారుగా నున్నచో బూరె నూనెలో పగులును. కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసమున, అనగా 12వ శతాబ్దిలోనే, సెనగలు బెల్లముల ముద్దను గోధుమపిండిలో పొదిగి కాల్చు భక్ష్యము వర్ణితమైనది. వరియు మినుమును పండు గోదావరి సీమలో పై పూత బియ్యము మినపపప్పుల పిండి యైనది. లోని పూర్ణము మాత్రము నాటిదే.

గుత్తివంకాయ కథ వేరు. తొడిమ విడిపోకుండ కాయను నాలుగు చీలికలుగా కోసి, ధనియాలు, సెనగపప్పు, మినపపప్పు, ఎండుమిరప వేయించి దంచిన కారమును ఉప్పు చింతపండులతో కూరుదురు. వంకాయ మన ప్రాచీన శాకమే. మిరపయో, పోర్చుగీసువారి ఓడలపై అమెరికా నుండి 16వ శతాబ్దిలో చేరినది. కనుక శ్రీనాథుడు తిన్న కూరలలో కారము మిరియముదే. మిరియపు ఘాటును తలపించిన కాయ గనుక మిరపకాయ యైనది. దప్పళములోని చిలగడదుంపయు అట్లు సముద్రము దాటి వచ్చినదే. ఇవి యేవియు ఫ్రెంచివారు తెచ్చినవి కావు. వారు యానాము చేరునాటికే మిరప దక్షిణాపథమున వేరూనియుండెను.

పరపాలకుల జాడ కనబడునది ఉప్పులో. 1815 నాటి ఒడంబడిక ననుసరించి, ఫ్రెంచి స్థావరములలో పండిన ఉప్పును, ప్రజల వాడుకకు చాలినది మినహా, కొను హక్కు ఆంగ్లేయులకు దక్కెను. ప్రతిఫలము ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు. వంకాయలో కూరు పిడికెడు ఉప్పుపై రెండు దొరతనములు బేరమాడినవన్నమాట! వంటింటిని చరిత్రకారులు దాటిపోవుట ఎంత పొరపాటో దీనిచే తెలియును.

1954 నవంబరు 1న పరిపాలనము భారత ప్రభుత్వమునకు సంక్రమించెను. న్యాయతః విలీనము 1962 ఆగస్టు 16న జరిగెను. 1955 జనవరి సంక్రాంతి స్వతంత్ర దేశపు నీడలో యానామునకు తొలి సంక్రాంతి. జెండా మారినది గాని విస్తరిలో మార్చుకొనవలసిన ఫ్రెంచి వంటకమేదియు లేదు.

ఇక ఆవ పెట్టిన కంద బచ్చలి. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు చలికాలమున అతిథులకు వడ్డించిన భోజనమున మిరియపు పొడి గల కూరలును, ముక్కునకెక్కు ఆవ పచ్చళ్లును కలవు. ఆ మిరియము చోటును మిరప చాలవరకు ఆక్రమించెను. ఆవ మాత్రము తన చోటు విడువలేదు. కంద ఉడికి, చింతపండు పులుసు ఇగిరి, కూర పొయ్యి దిగి చల్లారిన పిదపనే నూరిన ఆవను కలుపుదురు. వేడిమీద కలిపినచో చేదెక్కును.