ప్రహ్లాదుని పాఠశాల – విశాఖ విద్యాచరిత్ర

సింహాచల క్షేత్రంలో వరాహ, నృసింహ అవతారాలు ఏకమూర్తిగా విరాజిల్లుతున్నాయి. హిరణ్యాక్షుడు రసాతలానికి చేర్చిన భూమిని వరాహస్వామి ఉద్ధరించాడు. హిరణ్యకశిపుని బారినుండి ప్రహ్లాదుని నృసింహస్వామి రక్షించాడు. ఆ సోదరుల నామాలు రెండింటిలోనూ ఉన్నది హిరణ్యమే, అనగా సువర్ణమే. ఒకడు భూమిని చెరపట్టాడు. మరొకడు విద్యను శాసింపబూనాడు. ఈ రెండు గాథలకు గల సంబంధం, స్వామి సన్నిధిలో పెరిగిన విశాఖ చరిత్రను పరిశీలిస్తే బోధపడుతుంది.

1926లో బెజవాడలో ఆవిర్భవించిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పిదప వాల్తేరుకు తరలివచ్చింది. జయపుర మహారాజు విక్రమదేవవర్మ ఔదార్యంతో అచట విజ్ఞాన, సాంకేతిక కళాశాల వెలసింది. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో నౌకా నిర్మాణశాలకు శంకుస్థాపన జరిగింది. 1966 నాటి "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" ఉద్యమం ఫలించి, ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. లోహశాస్త్రం, రసాయన సాంకేతికం, యంత్రవిద్య మొదలైనవి సామాన్య కుటుంబాలకు జీవనాధారాలయ్యాయి. ఇది దోషం కాదు. అర్థం కూడా పురుషార్థమే కదా!

అయితే ఆ విద్యలో భూదేవికి లభించిన స్థానమెంత? పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా బోధించాలని 1991లో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించవలసి వచ్చింది. అలా వచ్చిన పాఠం చాలాచోట్ల పరీక్షకు చదివి మరచే అనుబంధంగానే మిగిలింది. 2020 మే 7వ తేదీ వేకువన సింహగిరికి అనతిదూరంలోని వెంకటాపురంలో ఒక కర్మాగారం నుండి స్టైరీన్ విషవాయువు వెలువడింది. పన్నెండుమంది అసువులు బాశారు. రసాయన విద్య తెలిసినవారు లేక ఈ ఘోరం జరుగలేదు. తెలిసిన విద్యకు జాగరూకత తోడు కాలేదు.

భాగవత సప్తమ స్కంధాన్ని స్మరిద్దాం. చండామార్కులు ప్రహ్లాదునికి ధర్మార్థకామాలనూ రాజనీతినీ బోధించారు. గురువులు గృహకృత్యాలకు వెళ్ళిన విరామంలో ఆ బాలుడు సహపాఠులను చేరబిలిచి, ఆసురభావం విడిచి సర్వభూతాలయందు దయ, సౌహార్దం వహించండని ఉపదేశించాడు. పాఠశాల విస్మరించిన పాఠం విరామంలో వినవలసి వచ్చింది! నేటి పర్యావరణ విద్య స్థితీ అదే.

ఆ పాఠం విరామం నుండి ప్రధాన బోధనలోకి రావాలి. లోహాన్ని కరిగించే విద్యతోపాటే ఆ పొగ ఎవరి ఊపిరిలో చేరుతుందో నేర్పాలి. భూరక్షణ, విద్యారక్షణ వేరుకావని సింహాద్రినాథుని ఏకమూర్తి మనకు నిత్యం స్ఫురింపజేయుగాక!

శ్రీ వరాహలక్ష్మీనృసింహ పరబ్రహ్మణే నమః.