ఆనపబుర్రలో అంబలి: మన ఇళ్ళల్లో ముందురోజు వంట

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. పోరాటాల గురించి మన గ్రూపులో చాలామంది బాగా రాశారు. మేము అంబలి కుండ గురించి రాస్తున్నాం. రెండూ వేరు వేరు కాదని మాకు ఈమధ్యే తెలిసింది.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. అనకాపల్లిలో హాస్టల్‌కి వచ్చిన మొదటి రోజు అమ్మ చోడి అంబలి సీసాలో పోసి ఇచ్చింది. రెండు బస్సులు మారి వచ్చేసరికి అది బాగా పులిసిపోయింది. మూత తీయగానే గదంతా వాసన. కొత్త గది, కొత్త కుర్రాళ్ళు. నిజం చెప్పాలంటే ఎవరూ ఏమీ అనలేదు. అయినా మేమే సీసా పట్టుకెళ్ళి కుళాయి దగ్గర ఒంపేశాం. మా ఇంట్లో కాలేజీ మొహం చూసింది మేమే మొదలు, పరువు పోతుందని భయం. రాత్రి అమ్మ ఫోన్ చేసి "తాగేరా?" అంటే తాగేం అన్నాం.

ఆ అంబలి వెనక ఎంత పని ఉందో అప్పుడు ఆలోచించలేదు. అమ్మ కూలికెళ్ళి చీకటి పడ్డాక వచ్చి చోడిపిండి నీళ్ళలో కలిపి పెడుతుంది. అది రాత్రంతా పులుస్తుంది. తెల్లారి నూకలు ఉడుకుతుండగా ఆ పిండి పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పుతూ ఉండాలి. దించి చల్లార్చి కుండలో పెడితే ఆ రోజూ మర్నాడూ కూడా గడుస్తుంది. కావలసినప్పుడు నీళ్ళో మజ్జిగో పోసి, ఉప్పు వేసి, ఉల్లిపాయో ఎండుచేపో నంజుకుని తాగడమే. ఒకసారి పొయ్యి వెలిగిస్తే ఇంటిల్లిపాదికీ రెండు రోజుల తిండి. ఇప్పుడు పట్నంలో ఉద్యోగాలు చేసేవాళ్ళు ఆదివారం కూర్చుని వారానికి సరిపడా వండి ఫ్రిజ్‌లో పెట్టుకునే వీడియోలు ఫోన్లో వస్తున్నాయి కదా. మన ముసలమ్మలు ఫ్రిజ్ లేకుండానే ఆ పని చేశారు. పులుపు, ఉప్పు, ఎండ, పొగ, ఈ నాలుగే వాళ్ళ ఫ్రిజ్.

ఎందుకలా చేశారు? పోడు గుర్తు చేసుకోండి. పోడు ఊరి పక్కన ఉండదు. చలికాలం చివర్లో చెట్టు కొట్టి, ఎండల్లో కాల్చి, తొలి వాన పడగానే సామలు, చోళ్ళు, కందులు జల్లేవాళ్ళు. కొండెక్కడానికే పొద్దు ఎక్కిపోతుంది, మధ్యాహ్నం కూటికి దిగి రావడం కుదరదు. పంట మీదకొస్తే రాత్రుళ్ళు కూడా మంచె మీదే కాపలా. అందుకే ఆనపబుర్ర. ముదిరిన ఆనపకాయని ఎండబెట్టి, లోపలి గింజలు, గుజ్జు తీసేస్తే సీసా తయారు. అందులో అంబలి మధ్యాహ్నం వరకూ చల్లగా ఉంటుంది. తాగడానికి ఆకుతో డొప్ప అక్కడికక్కడే కుట్టుకుంటారు. కడగక్కర్లేదు, మోయక్కర్లేదు.

చద్ది తినేది మనమొక్కళ్ళమే అనుకోకండి. పోతన భాగవతంలో కృష్ణుడూ గోపబాలురూ అడవిలో చద్దులు తినే ఘట్టం ఉంది. ఒడిశాలో పఖాళ ఉంది. పెద్దల మాట చద్దిమూట అని తెలుగువాళ్ళందరూ అంటారు. ఆ సంగతి అప్పుడు తెలిసుంటే మేము ఆ కుళాయి దగ్గరికి వెళ్ళేవాళ్ళం కాదేమో.

ఇక చరిత్రకి వద్దాం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు మీద ఆంక్షలు, అడవిలో కాలు పెడితే కేసులు. ఆ తర్వాత నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు పని. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ళని ఆ రోడ్డు పనికి బలవంతంగా దింపాడు, కూలి సరిగ్గా ఇవ్వలేదు. ఇదంతా మనం చదివిందే. మళ్ళీ ఒకసారి ఆ ఇంటి పొయ్యి దగ్గర నిలబడి చూడండి. సొంత పోడుకి వెళ్ళాల్సిన మనిషిని పట్టుకుపోయి రోడ్డు మీద రాళ్ళు కొట్టిస్తే, పోడు పని ఇంట్లో ఆడవాళ్ళ మీద పడుతుంది. వంట అలాగే ఉంటుంది. తెల్లారకముందు లేవాలి, లేదా ముందురోజే వండి ఉంచాలి. దొరలు మన భూమీ కూలీ తిన్నారని రాస్తాం. మన ఆడవాళ్ళ నిద్ర కూడా తిన్నారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర దళం దాడి చేసింది. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, కాలినడకన. మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చాయి, అయినా 1924 మే దాకా పోరాటం నడిచింది. తుపాకులు ఎలా పట్టుకెళ్ళారో పుస్తకాల్లో వివరంగా ఉంటుంది. వాళ్ళకి కూడు పెట్టిన ఇళ్ళ గురించి "పల్లెలు సాయం చేశాయి" అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యంలో ఎన్ని కుండలు ఉన్నాయో! రాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఇప్పుడు మన అనకాపల్లి జిల్లాలోనే, గొలుగొండ మండలంలో ఉంది. మేము చూసి వచ్చాం. అక్కడ నిలబడినప్పుడు కూడా మాకు ఈ కుండల గోలే.

అయితే అన్నీ బంగారం అని చెప్పం. దాచుకునే తిండిలో ఒకటి మామిడి టెంక. ఎండాకాలంలో టెంకలు ఏరి ఎండబెట్టి, జీడి తీసి, వగరు పోయేదాకా గెడ్డ నీళ్ళలో నానబెట్టి, దంచి పిండి చేసి అంబలి కాస్తారు. పాత పంట అయిపోయి కొత్త పంట రాని వానాకాలం నెలల్లో అదే ఆధారం. కానీ వానకి తడిసి బూజు పట్టిన టెంక విషం. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో టెంక అంబలి తాగి ఆదివాసీలు చనిపోయారు. ఆకలి చావులా, టెంక చావులా అని అప్పుడు పెద్ద వాదన నడిచింది. బియ్యం ఉన్న ఇల్లు బూజు పట్టిన టెంక ఎందుకు వండుతుందని మేము అడుగుతాం.

1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. మన చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు కొనడం, డిపోల్లో సరుకులు అమ్మడం మొదలుపెట్టింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి నెలలు తేలికపడ్డాయి, అది మామూలు మేలు కాదు. కానీ చోళ్ళు, సామలు పండించే చెక్కలు తగ్గాయి. తెల్లన్నం తినేవాడు గొప్ప, అంబలి తాగేవాడు తక్కువ అనే లెక్క మన ఇళ్ళలోకి కూడా వచ్చింది. 2023 మార్చి నుంచి రాష్ట్రంలో బడి పిల్లలకి వారానికి మూడు రోజులు రాగిజావ ఇచ్చారు. అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. ఇప్పుడు పట్నంలో పొద్దున్నే నడకకి వచ్చేవాళ్ళు బండి దగ్గర గ్లాసు కొనుక్కుని తాగుతున్నారు. మేము ఒంపేసింది అదే.

మా అప్ప అచ్యుతాపురం వైపు బట్టల కంపెనీకి వెళ్తుంది. కంపెనీ బస్సు ఊరి మలుపులోకి చీకటితోనే వస్తుంది. రాత్రి కూరగాయలు తరిగి, పచ్చడి నూరి, చింతపండు నానేసి పడుకుంటుంది. నాలుగింటికి లేచి మూడు బాక్సులు కడుతుంది. తనకి, బావకి, బడికెళ్ళే పాపకి. పులిహోర అయితే సాయంత్రం దాకా పాడవదు, అందుకే వారంలో రెండు రోజులు అదే. పాప విసుక్కుంటుంది, అది వేరే కథ. ఆనపబుర్ర పోయి స్టీలు క్యారేజీ వచ్చింది, అది పోయి ప్లాస్టిక్ బాక్సు వచ్చింది. లేచే టైము మాత్రం మారలేదు. బావ బాక్సు బావే కట్టుకుంటే ఏమవుతుందని మేము అడిగితే అప్ప నవ్వింది, బావ నవ్వలేదు.

మొన్న సెలవుల్లో ఊళ్ళో ముసలమ్మలని కూర్చోబెట్టి అడిగాం. మొదట తప్పుగా అడిగాం. "ఏం తినీవోలు?" అంటే "ఏటుంటే అదే" అని ఊరుకున్నారు. "ఎన్నింటికి లేచీవోలు?" అని అడిగాక గంటసేపు చెప్పారు. కోడి కూతలు లెక్కపెట్టి చెప్పారు. పాడేరు, అరకు, చింతపల్లి, మాడుగుల వైపు వాళ్ళు మీ ఇళ్ళలో కూడా అలాగే అడగండి. అంబలి కుండని, ఆనపబుర్రని మీ భాషలో ఏమంటారో కూడా రాయండి, కువి, కొటియా, గదబ, పోర్జ ఏదైనా సరే. మేము ఒక నోటుబుక్కు పెట్టాం, అందులో ఇప్పటికి మా ఊరి మాటలే ఉన్నాయి.