బొందలగడ్డకు పట్టా

పట్నం ముందు కాయితం మీద పెరుగుతది. తర్వాత మన మీదికొస్తది.

1908లో మూసీ వరదలొచ్చాక, 1912లో హైదరాబాదుకు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు కూల్చి వెడల్పు రోడ్లేశారు. అది నిజాం రాజ్యం. 1975లో ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వచ్చింది. ముసాయిదా ప్లాను జనం ముందు పెట్టాలనీ, ఎవరైనా అభ్యంతరాలూ సూచనలూ చెప్పుకోవచ్చనీ అందులో ఉంది. 'ఎవరైనా' అన్న ఆ ఒక్కమాటను నమ్మే నేనూ నాయినా ఆఫీసుకు పోయినం.

మాది పట్నం పొలిమేరలో మాదిగవాడ. ఊర్లో ఏ కబురైనా డప్పుకొట్టి చాటేది మా నాయినే. ఈ కబురుకు మాత్రం డప్పు మోగలేదు. పేపర్లో ఓ మూలన వేసి ఊరుకున్నారు. డిగ్రీ చదువుతున్న నా కంట్ల పడింది కాబట్టి సరిపోయింది.

గోడకు నక్ష వేలాడుతోంది. ఇండ్ల జాగలకు పసుపు, పార్కులకు ఆకుపచ్చ. ఊరి గుడి ఉంది. దొర తోట ఉంది. మా వాడ పేరు లేదు. మా బొందలగడ్డ మీద ఆకుపచ్చ రంగు పూసి ఉంది.

"మా ముసలోళ్ళు పండుకున్న జాగ సారూ, పార్కు ఎట్ల జేస్తరు?" అన్నాడు నాయిన.

"సర్వే నెంబరెంత? పట్టా ఏది?"

"బొందకు పట్టా ఎవడిస్తడు సారూ?"

గుమాస్తా నవ్వాడు. నేను రాసిన దరఖాస్తు తీసుకున్నాడు. రసీదియ్యలేదు. ప్లాను ఖాయమైనప్పుడు కూడా ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంది. మా నాయినమ్మ దాని కిందనే ఉంది.

భూవినియోగం అంటారు. భూమిని వాడుకునేది ఎవరు? దాని మీద బతికేటోళ్ళు, చచ్చేటోళ్ళు. అడిగేది మాత్రం పట్టాదారును. భూమి లేకుండా చేసిన కులానికి నోరు కూడా లేకుండా పోయేది ఇక్కడే.

1993లో 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకొచ్చింది. పట్టణ ప్రణాళికను పురపాలక సంఘాల పనుల్లో చేర్చింది. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్నచోట వార్డు కమిటీలుండాలంది. 2008లో హైదరాబాదుకు మహానగర అభివృద్ధి సంస్థ వచ్చింది. చట్టాలు మారినయి. పట్టా ఏదన్న ప్రశ్న మారలేదు.

అందుకే తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు ఒకటే చెప్త. నక్షను వాడకు తెండి. కూలికి పోయినోళ్ళు తిరిగొచ్చినంక, పొద్దుగూకినాక పరిచి చూపండి. బొందలగడ్డ, లందగుంట, పశువులు మేసే జాగ, అన్నీ పేర్లతో సహా రాయించండి. దరఖాస్తు మీద ముద్ర కొట్టించుకోనిదే ఇంటికి రాకండి. చట్టంలో ఉన్నది 'ఎవరైనా' అనే. పట్టాదారు అని కాదు.

ఈసారి కబురు మన డప్పే చాటాలె.