పద్నాలుగు మంది, ఒక ఆదివారం

మన ఇళ్ళలో ఆడవాళ్ళు గడప దాటుతూంటే "ఎక్కడికీ?" అని అడుగుతారు. కూరలకి అంటే సరే. గుడికి అంటే మరీ మంచిది. పిల్లవాణ్ణి బడినుంచి తీసుకురావడానికైతే అసలా ప్రశ్నే రాదు. "ఊరికే, నడవడానికి" అని చూడండి! అత్తగారు కళ్ళజోడు సవరించుకుని మరీ చూస్తారు. పాపం, డాక్టర్లు పుణ్యం కట్టుకుని షుగరు పేరు చెప్పీ, బీపీ పేరు చెప్పీ పొద్దున్నే ఓ అరగంట మనకీ ఇప్పించారు. అయినా అది మందు కింద జమే గాని సంతోషం కింద జమ కాదు.

అలాగని నలుగురితో కలిసి నడవడం మనకి తెలియనిదా? సింహాచలం గిరిప్రదక్షిణం చేసినవాళ్ళనడగండి. ఆషాఢ పున్నమికి కొండచుట్టూ 32 కిలోమీటర్లు. దారిపొడుగునా ముక్కూమొహం తెలియనివాళ్ళు నిలబడి మంచినీళ్ళూ మజ్జిగా అందిస్తారు. పక్కన నడిచే ఆవిడ ఏ ఊరో కూడా తెలియదు గాని, తెల్లవారేసరికి వాళ్ళమ్మాయి పెళ్ళిసంబంధం ఎందుకు తప్పిపోయిందో దాకా తెలిసిపోతుంది. కాని అక్కడ పిలిచినవాడు దేవుడు. దేవుడు పిలిస్తే ఎందుకని ఎవరూ అడగరు.

దేవుడు కాక, ఓ మామూలు మనిషి పిలిస్తే? మొక్కు లేదు, ప్రసాదం లేదు. "ఆదివారం ఫలానా రైలుకి రండి, కొండల్లో నడిచొద్దాం" అంటే ఎవరైనా వస్తారా? నూటపాతికేళ్ళ క్రితం ఇంగ్లండులో ఒక కుర్రవాడు అలా పిలిచాడు. నేను చెప్పబోయేది ఆ పిలుపు కథ.

ఆ ఊరి పేరు షెఫీల్డు. చాకులకీ, కత్తెరలకీ, ఉక్కుకీ పేరుపడ్డ ఊరు. పేరుతోబాటు పొగ కూడా సంపాదించుకుంది. వారమంతా కొలిమి పక్కనా, సానరాయి పక్కనా నిలబడే కార్మికులకి పూర్తిగా మిగిలేది ఆదివారం ఒక్కటే. విచిత్రమేమిటంటే ఊరు దాటి కొద్ది మైళ్ళు పోతే చాలు, కనుచూపుమేర కొండలు. చెట్లు తక్కువ. గాలికి ఊగే గడ్డి, వేసవి చివర ఊదారంగు పూలు పూసే హెదర్ పొదలు. ఆ కొండల్లో పెద్దది కిండర్ స్కౌట్, 636 మీటర్ల ఎత్తు. షెఫీల్డు ఒక పక్క, మాంచెస్టరు రెండో పక్క. రెండు మసిపట్టిన నగరాల మధ్య చల్లటి గాలి.

కాని ఆ గాలికి యజమానులున్నారు. ఒకప్పుడు ఊరుమ్మడి భూములుగా ఉన్న ఎత్తులు చాలావరకు, చట్టాల సాయంతో, జమీందార్ల చేతికి వెళ్ళిపోయాయి. వాళ్ళకి ఆ కొండలు గ్రౌస్ అనే పక్షిని కాల్చుకునే వేటదిబ్బలు. ఏటా ఆగస్టు 12న వేట మొదలవుతుంది. వేట కొన్ని రోజులే అయినా కాపలా మాత్రం ఏడాది పొడుగునా. దుడ్డుకర్రలు పట్టుకున్న కావలివాళ్ళు, "లోపలికి రాకూడదు" అనే బోర్డులు. జనం నడవడానికి మిగిలినవి అక్కడక్కడా కొన్ని కాలిబాటలు. వాటికోసం కూడా పోరాడవలసి వచ్చింది. హేఫీల్డు ఊరినుంచి కిండర్ పక్కగా స్నేక్ ఇన్ అనే పూటకూళ్ళ ఇంటిదాకా పోయే బాట 1897లోగాని జనానికి తెరుచుకోలేదు. అంతకు మూడేళ్ళ ముందు, 1894లో, ఆ లోయలగుండా రైలు పడింది. బాటా ఉంది, బండీ ఉంది. ఇక కావలసింది పిలిచే మనిషి.

ఆ మనిషి జార్జి హెర్బర్ట్ బ్రిడ్జెస్ వార్డు. 1876లో పుట్టాడు, అప్పటికి 24 ఏళ్ళు. యంత్రాల పనివాడు. రాబర్ట్ బ్లాచ్‌ఫర్డు 1891లో మొదలుపెట్టిన "క్లారియన్" అనే సోషలిస్టు వారపత్రిక చదివేవాడు. అందులోనే ఓ చిన్న ప్రకటన వేశాడు, కిండర్ చుట్టూ నడవడానికి ఎవరైనా వస్తారా అని.

1900 సెప్టెంబరు 2, ఆదివారం. వచ్చింది పద్నాలుగు మంది. అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. పొడుగు గౌన్లతో! ఈడేల్‌లో రైలు దిగి, జేకబ్స్ లాడర్ అనే నిటారు దారి ఎక్కి, హేఫీల్డులోకి దిగి, అక్కణ్ణించి విలియం క్లఫ్ అనే లోయబాట పట్టుకుని స్నేక్ ఇన్ చేరి టీ తాగి, హోప్ అనే ఊరిదాకా నడిచి రైలెక్కారు. ఇరవై మైళ్ళంటారు. లెక్కవేస్తే మన సింహాచలం ప్రదక్షిణమంత.

ఇందులో గొప్పేముంది, కుర్రకారు ఒకరోజు సరదాగా తిరిగొచ్చారు, అంటారా? నిజమే. అంతటితో ఆగిపోతే ఈ వ్యాసమే లేదు. మళ్ళీ నడుద్దాం అనుకున్నారు. అలా పుట్టింది షెఫీల్డు క్లారియన్ రాంబ్లర్ల సంఘం. ఆదివారం చర్చికి పోకుండా కొండలెక్కడమేమిటని ముఖం చిట్లించిన పెద్దలున్నారు. చిట్లించిన ముఖాలకోసం రైలు ఆగదు కదా!

వార్డు చేసిన అసలు పని ఏమిటంటే, ఒక చిన్న పుస్తకం. 1902 నుంచి దాదాపు ఏటా అచ్చువేశాడు. కోటు లోపలి వెయిస్టుకోటు జేబులో పట్టేటంత పుస్తకం. ఏ ఆదివారం ఏ కొండ, ఏ రైలు, ఎన్ని మైళ్ళు, టీ ఎక్కడ, ఆరోజు ముందు నడిచేదెవరు, అన్నీ అందులో ఉండేవి. వాటితోబాటు కొండల పేర్లు ఎలా వచ్చాయి, పాడుబడ్డ ఇళ్ళలో ఒకప్పుడు ఎవరుండేవారు, పాతబాటలు ఎటు పోయేవి, ఆయన స్వయంగా తవ్వితీసిన సంగతులు. దాదాపు యాభై ఏళ్ళు ఆయన ఆ పుస్తకాన్ని పెంచి పోషించాడు. దీనికి జీతమేమీ లేదు. ముందు నడిచేవాళ్ళకీ లేదు. కొలిమి దగ్గరో, దుకాణంలోనో పనిచేసేవాడు తన ఒక్క సెలవునూ ఇచ్చుకుని పదిమందికి దారి చూపించేవాడు. వచ్చే వారం ఆ పదిమందిలో ఇంకొకరు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పుకోనివ్వండి. ఆ పట్టిక చూస్తే నాకు ముందు కొండలు గుర్తు రావు. ఇంట్లో అనుమతి అడుగుతున్న ఓ ఆడపిల్ల గుర్తొస్తుంది. ఎక్కడికి? ఫలానా చోటికి. ఎవరితో? ఇదిగో, పేరు అచ్చులో ఉంది. తిరిగి ఎప్పుడు? ఈ రైలుకి. మగపిల్లవాడు ఈ పట్టిక లేకుండా కూడా కొండెక్కగలడు. ఆడపిల్లకి ఈ కాగితమే గడప దాటించే తాళంచెవి. ఆ సంఘం నినాదంలో నడకవల్ల బాగుపడేవాడు మగవాడే, ఆ రోజుల్లో భాష అలాంటిది. భాష సంగతి ఎలా ఉన్నా, మొదటి రోజునుంచే ఆడవాళ్ళు ఆ బాటమీద ఉన్నారు.

అదే ఊళ్ళో మరో ఇల్లు. పేదిల్లు కాదు, పెద్ద వ్యాపారస్థుడి భవనం. ఆ ఇంటి అమ్మాయి ఎథెల్, 1894లో పుట్టింది. యుద్ధకాలంలో ఒక సైన్యాధికారిని పెళ్ళాడింది. 1917లో అతను యుద్ధంలో చనిపోయాడు. ఆమెకి అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. దిగులుతో కుంగిపోయిన పిల్లని ఏం చెయ్యాలో తెలియక, ఇంట్లోవాళ్ళు కొండల్లో నడవడానికి తీసుకువెళ్ళేవారట. ఓదార్పు మాటలు ఎన్నని చెబుతారు? పక్కన నడిస్తే మాటలు అక్కర్లేదు. చావు జరిగిన ఇంట్లో మొహంలో మొహం పెట్టి కూర్చోవడం కన్నా కష్టమైనది లేదు. నడకలో ఇద్దరూ ఎదురుగా ఉన్న దారినే చూస్తారు.

ఆ కొండలు ఆవిణ్ణి నిలబెట్టాయి. తర్వాత ఆవిడ కొండల్ని నిలబెట్టింది. 1924లో తమ ఇంట్లోనే కొందరిని కూర్చోబెట్టి, ఊరిచుట్టూ ఉన్న ప్రకృతిని కాపాడే సంఘం మొదలుపెట్టింది. 1927లో డ్యూక్ ఆఫ్ రట్లండు లాంగ్‌షా ఎస్టేటు అమ్మకానికి పెట్టాడు. ఇళ్ళస్థలాలుగా ముక్కలైపోతుందేమోనని భయం. ఎథెల్ సంఘం చందాలకి పూనుకుంది. 747 ఎకరాలు కొని, 1931లో దేశప్రజల తరపున భూములు కాపాడే నేషనల్ ట్రస్టుకి అప్పగించారు. 1937లో ఆవిడ జెరాల్డ్ హేథోర్న్‌త్‌వెయిట్‌ని పెళ్ళాడి, ఆయనతో కలిసి జీవితమంతా ఆ పనే చేసింది. 1986లో కన్నుమూసింది. వార్డు కార్మికుడు, ఈవిడ సంపన్నుల బిడ్డ. ఇద్దరి లోకాలూ వేరు, కొండలు మాత్రం ఒకటే.

చందాలు వేసి కొన్నది కొన్నారు. మరి అమ్మనివాళ్ళ సంగతి? కిండర్ శిఖరం మీద ఇంకా దుడ్డుకర్రలే.

1932 ఏప్రిల్ 24, అదీ ఆదివారమే. హేఫీల్డు దగ్గర ఒక రాతిగనిలో నాలుగు వందలమంది దాకా పోగయ్యారు. ఎక్కువగా మాంచెస్టరు పడుచువాళ్ళు. పనుల్లేక ఎంతోమంది వీధిన పడ్డ రోజులవి. నాయకుడు బెన్నీ రాత్‌మన్, వయసు 20. బాట వదిలేసి, నిషేధించిన కొండవాలు ఎక్కారు. కావలివాళ్ళతో తోపులాట జరిగింది. అటు ఈడేల్ వైపునుంచి షెఫీల్డు గుంపు ఒకటి ఎక్కి వీళ్ళని కలుసుకుంది. దిగి వస్తూంటే పోలీసులు పట్టుకున్నారు. ఒట్టినే కొండెక్కడం అక్కడి చట్టంలో నేరం కాదు. అందుకని అల్లరి మూక, దౌర్జన్యం వంటి నేరాలు మోపి ఐదుగురికి రెండు నెలల నుంచి ఆరు నెలల దాకా జైలు వేశారు. రాత్‌మన్‌కి నాలుగు నెలలు. విచారణకి పంపిన గ్రాండ్ జ్యూరీలో కూర్చున్నది సైన్యాధికారులూ, భూస్వాములూ!

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నడక సంఘాల పెద్దలు చాలామంది ఈ దూకుడుని మెచ్చుకోలేదు. మెల్లగా మాట్లాడి సాధించుకుంటున్నది చెడగొట్టారని కోప్పడ్డారు. కాని తీర్పు విన్నాక, తప్పుపట్టినవాళ్ళకే మనసు చివుక్కుమంది. నడిచినందుకు జైలా? ఆ ఏడాదే విన్నాట్స్ పాస్ అనే కనుమ దగ్గర జరిగిన సభకి పదివేలమంది వచ్చారని చెబుతారు. అంతమంది ఒక్క పిలుపుకి ఎలా వచ్చారు? వాళ్ళు కొత్తగా తయారైన జనం కారు. ముప్ఫై ఏళ్ళుగా ఆదివారం ఆదివారం ఒకరి వెనక ఒకరు నడిచి, ఒకరి ఫ్లాస్కులో టీ మరొకరు తాగి, బెణికిన కాలికి గుడ్డ కట్టి, చుట్టాలు కాకుండానే చుట్టాలైనవాళ్ళు. ఉపన్యాసాలతో మూక తయారవుతుందేమో గాని, సంఘం మాత్రం ఇలాగే తయారవుతుంది.

1935లో వాళ్ళ సంఘాలన్నీ కలిసి దేశవ్యాప్తంగా రాంబ్లర్ల సంఘమైంది. 1949లో జాతీయ వనాల చట్టం వచ్చింది. 1951లో ఇంగ్లండులో మొట్టమొదటి జాతీయ వనం వెలిసింది. ఎక్కడో చెప్పాలా? ఈ కొండల్లోనే, పీక్ డిస్ట్రిక్ట్. కొండలమీదా బీళ్ళమీదా బాట వదిలి నడిచే హక్కు మాత్రం 2000లో వచ్చిన చట్టం దాకా ఆగింది. 2002లో, ఆ నిషేధభంగానికి 70 ఏళ్ళు నిండిన సభలో, డెవన్‌షైర్ డ్యూక్ నిలబడి, ఆనాడు తన తాతగారు చేసినదానికి క్షమాపణ చెప్పుకున్నాడు. తప్పు ఒప్పుకోవడానికి రెండు తరాలు పట్టింది. ఒప్పుకున్నాడు, అదీ పెద్దమనిషి తనమే.

వార్డు అంతవరకు లేడు. 1957లో పోయాడు. కాని అంతకుముందే, 1945లో, ఆయనతో నడిచినవాళ్ళంతా కలిసి ఆయనకి ఒక బహుమానం ఇచ్చారు. శాలువా కాదు, గడియారం కాదు. లూజ్ హిల్ అనే కొండ నెత్తిమీద 54 ఎకరాలు! ఆయన దాన్ని తన దగ్గర పెట్టుకోలేదు, నేషనల్ ట్రస్టుకి ఇచ్చేశాడు. దానికి ఇప్పటికీ "వార్డు ముక్క" అనే పేరు. జన్మంతా ఆదివారాలు పంచిపెట్టినవాడికి కొండ ఇస్తే, అదీ పంచిపెట్టేశాడు.

ఇవాళ కూడా ఆ దేశంలో రాంబ్లర్ల నడకల్ని నడిపించేది జీతంలేని మనుషులే. ముందొకరు, ఎవరూ వెనకబడిపోకుండా చివర మరొకరు. ఆ చివరి మనిషిమీద నాకు ప్రత్యేకమైన గౌరవం. అందరికన్నా మెల్లగా నడిచేవారితో మెల్లగా నడవడం ఆవిడ పని. ఇల్లు నడిపే మనకి ఆ ఉద్యోగం ఎవరూ నేర్పక్కర్లేదు.

మన ఊళ్ళ పక్కన కొండల్లేవా, చెరువుగట్లు లేవా? కార్తీకంలో వనభోజనాలకి వంటసామాను మోసుకుని పోయే మనకి ఒట్టి చేతులతో నడవడం కష్టమా? లేనిదల్లా ఆ కాగితం ముక్క. ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ కలుసుకోవడం, ఎవరు ముందు, ఎన్నింటికి తిరిగి ఇంటికి. రాసి క్యాలెండరు మేకుకి గుచ్చి చూడండి. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చదువుతారు. చదివి, "ఎక్కడికీ" అని అడక్కపోవచ్చు. "నా మోకాళ్ళకి అంత దూరం పడుతుందంటావా?" అని అడిగినా ఆశ్చర్యం లేదు.