తెర మీద కీర్తన

సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్లు నడిచి వెళ్లేంత దూరంలో ఉండగా పెరిగిన చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాళ్లకు తెర కొత్త కాదు. క్రైస్తవ సంఘాలకూ కాదు. మిషనరీలు మ్యాజిక్ లాంతరుతో తెల్లగుడ్డ మీద బైబిలు బొమ్మలు చూపించిన కాలం ఒకటుంది. 1978లో ‘కరుణామయుడు’ వచ్చాక 16 ఎం.ఎం. ప్రొజెక్టర్లతో ఆ సినిమా ఎన్ని పల్లెలు తిరిగిందో! అవన్నీ సువార్త కూటాల సంగతులు. ఆదివారం ఆరాధనలో పులిపీఠం పక్కన తెర కట్టడం మాత్రం మన తరమే చూసింది.

నారాయణగూడలో మన సంఘానికి ముందు వచ్చింది ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్. చేతిరాత బాగున్నవాళ్లు ట్రాన్స్‌పరెన్సీ షీటు మీద స్కెచ్ పెన్నుతో పాట రాసేవారు. తొందరలో షీటు తిరగేసి పెడితే అక్షరాలు అద్దంలో చూసినట్టు కనిపించేవి, పిల్లలు కిసుక్కుమనేవారు. తర్వాత ఎల్‌సీడీ ప్రొజెక్టర్ కొన్నాం. పొద్దుటి ఎండకు తెర వెలవెలబోతుంటే పరదాలు కుట్టించాం. కరెంటు పోయి లోపలి ఫ్యాను ఆగితే వేడికి ల్యాంపు పాడవుతుందని యూపీఎస్ పెట్టాం. అన్నిటికన్నా ఫాంటు బాధ పెద్దది. అను ఫాంటులో కొట్టిన పాటను ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు మాయమై ఇంగ్లీషు గుర్తులు మిగిలేవి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి, యూనికోడ్ అలవాటయ్యాకే ఆ తిప్పలు తీరాయి.

ఈ తెర వల్ల మేలు జరిగింది. గ్రూప్స్ కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు ఆదివారం వట్టి చేతులతో వస్తారు. వెనక బెంచీలో కూర్చునీ తెర చూసి గొంతు కలుపుతారు. పుస్తకంలోని చిన్న అక్షరాలు ఆనని పెద్దవాళ్లూ అంతే.

పోయినదీ ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటతోపాటు రాగం, తాళం, రచయిత పేరు ఉంటాయి. స్లైడులో అవేవీ ఉండవు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనను ఏళ్ల తరబడి పాడుతూ, అది ఎవరు రాశారో తెలియని యువతరం మన మధ్యే ఉంది. చరణం మధ్యలో స్లైడు మారితే వాక్యం తెగి, సంఘమంతా ఒక్క క్షణం నోరు మూసుకుంటుంది. చరణం అయ్యాక పల్లవి తెర మీదికి రాకపోతే సగంమంది ఆగిపోతారు. అందుకే లాప్‌టాప్ దగ్గర కూర్చునేవారికి కంప్యూటర్ కన్నా ముందు పాట రావాలి. వారిని క్వయర్‌లో ఒకరిగా చూసి, శనివారం ప్రాక్టీసుకు పిలవాలి.

మన సంఘం జూబిలీ జరుపుకుంటున్న ఈ ఏడాదిలో పెద్దలకు నా మనవి. ప్రతి కీర్తన మొదటి స్లైడు మీద కీర్తన సంఖ్య, రాగం, తాళం, రచయిత పేరు వేయించండి. చరణాన్ని విడగొట్టకుండా ఒకే స్లైడులో ఉంచండి. ఒత్తులు, దీర్ఘాలు సరిచూసే పని నోటికి కీర్తనలు వచ్చిన మన పెద్దవాళ్లకు అప్పగించండి. బెంచీల మీది పుస్తకాలు మాత్రం తీయకండి.